అడగకుండా రాసిన నాలుగక్షరాలు

అక్క పోయిన రోజు బావ నాతో ఒక్క మాటే అన్నాడు. "పడని మందు సంగతి చెప్పకుండా అక్కడ కూర్చుని ఏం చేశావు?"

చెప్పాను. అక్కకి పెన్సిలిన్ పడదని సర్జన్‌కి రెండుసార్లు చెప్పాను. ఆయన తలెత్తకుండా రాసుకుపోయాడు. ఆపరేషన్‌లో ఆ మందే ఎక్కించారు. విచారణలో మాత్రం, తోడొచ్చిన ఆవిడ ఏమీ చెప్పలేదన్నాడు. అందరూ ఆయన రాసిన కాగితాన్నే నమ్మారు. బావ ఆ తర్వాత నా గడప తొక్కలేదు.

కేస్ షీట్ నకలు ఇచ్చారు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అందుకే ఆసుపత్రి రికార్డుల కోర్సులో చేరాను. పగతో చదివే చదువు తొందరగా వంటబడుతుంది. అంతంత పొడుగు మాటల్ని మా మేడం చేపకి ముళ్లు తీసినట్టు విడదీసేది. కోలీ అంటే పైత్యరసం, సిస్ట్ అంటే సంచి, ఎక్టమీ అంటే కోసి తీసేయడం. మూడూ కలిపితే అక్కకి చేసిన పిత్తాశయం ఆపరేషన్. చివర ఐటిస్ ఉంటే వాపు. ఆ సర్జన్ పొగరుకి ఏ తోక తగిలించాలా అని క్లాసులో ఆలోచించేదాన్ని. ఎక్టమీయే నచ్చింది.

తర్వాత పొట్టి రాతల పాఠం వచ్చింది. మాటల మొదటి అక్షరాలు ఏరి పక్కపక్కన పేర్చడమే. అక్క షీట్‌లో ఎన్‌కేడీఏ అని ఉంది. నో నోన్ డ్రగ్ అలర్జీస్. పడని మందులేవీ లేవని. ఒళ్లు మండిపోయింది.

అదే ఆసుపత్రి రికార్డు గదిలో ఉద్యోగం సంపాదించాను. ఇంటికెళ్లిన రోగులవీ, పోయినవాళ్లవీ షీట్లు చదివి, జబ్బులకు కోడ్‌లు వేయడం పని. రెండేళ్లు ఆయన కోడిగీతలు చదివాను. ప్రతి షీట్‌లోనూ అవే నాలుగక్షరాలు. అడక్కుండానే రాస్తున్నాడని నాకు తెలుసు, చూపించడానికే ఏమీ లేదు. ఒక మంగళవారం నాక్కావలసిన షీట్ దొరికింది. లేచి వెళ్లి తలుపు మూసుకుని, ఇంకోసారి చదివాను. మర్నాడే మళ్లీ విచారణ కోరుతూ అర్జీ పెట్టాను.

విచారణకి బావ కూడా వచ్చి వెనక కూర్చున్నాడు.

"సార్, మీరు రోగినో, తోడొచ్చినవాళ్లనో అడిగాకే ఎన్‌కేడీఏ అని రాస్తారా?" అన్నాను.

"ఇరవై ఆరేళ్ల సర్వీసమ్మా. అడక్కుండా ఒక్కసారీ రాయలేదు."

ఆ మాట కోసమే మూడేళ్లు కాచుకున్నాను. షీట్ విచారణ సంఘం అధ్యక్షురాలి ముందు పెట్టాను. ఆవిడ పైకి చదివింది. రోడ్డు మీద పడి ఉంటే తెచ్చిన మనిషి. పేరు తెలియదు. తోడు ఎవరూ లేరు. వచ్చినప్పటి నుంచి పోయేదాకా స్పృహ లేదు. కింద సర్జన్ దస్తూరీలో ఎన్‌కేడీఏ.

"ఈయన మీకెలా చెప్పాడు డాక్టర్ గారూ?" అంది ఆవిడ.

ఆయన షీట్ అటూ ఇటూ తిప్పాడు. చెమట చెంపల మీదికి కారింది. నా కడుపు చల్లబడింది. ఆ నిమిషం ఎంత సాగితే అంత బాగుండుననిపించింది.

బయట వరండాలో బావ నా దగ్గరికొచ్చాడు. "ఆ రోజు నువ్వు చెప్పావా?"

"రెండుసార్లు చెప్పాను బావా. అడక్కుండా రాసింది ఆయనొక్కడే కాదు, మీరూను" అని మెట్లు దిగాను.