పదమూడో ఫోన్

కాఫీ మెషీన్ పైన గోడకు ఒక కాగితం అంటించి ఉంటుంది: ఆఖరి కప్పు తాగినవాళ్లే మళ్లీ కాఫీ పెట్టాలి. అందుకే ఆ ఆఫీసులో పదకొండేళ్లుగా ఎవరూ ఆఖరి కప్పు తాగలేదు. అడుగున వేలెడు కాఫీ మిగిల్చి జారుకుంటారు. ఆ వేలెడూ పారబోసి, జగ్గు కడిగి, మళ్లీ పెట్టేది ఐలా.

కెనడాలోని థండర్ బేలో ఇళ్లను వెచ్చగా ఉంచే ఫర్నేసులు బాగుచేసే కంపెనీ అది. ఐలా బల్ల మీద ‘రిసెప్షన్’ అని ఉంటుంది. ఫోన్ మూగబోతే బల్లల కిందికి దూరి తీగ మార్చేదీ ఆమే. ఆ తీగలన్నీ వెళ్లి చేరేది నెట్‌వర్క్ స్విచ్ అనే పెట్టె పోర్టుల్లోకి, అంటే దాని కన్నాల్లోకి. ఫోన్లకు ఇంటర్నెట్టూ కరెంటూ రెండూ దాంట్లోంచే వస్తాయి. పాతది ముసలిదైపోయింది. కొత్తది ఎవరు ఎంపిక చేస్తే ఫోన్ల విభాగం బాధ్యత, దాని అధికారి హోదా వాళ్లవేనని విన్నిపెగ్ హెడ్డాఫీసు రాసింది. ఐలా వారం రోజులు కూర్చుని లెక్కలు కట్టింది.

“ముందు కాఫీ, ఐలా. తర్వాత నీ లెక్కలు,” అన్నాడు మేనేజర్ గార్త్.

కాఫీ వచ్చేసరికి మీటింగ్ బల్ల మీద సేల్స్ విభాగం డేల్ తెచ్చిన స్విచ్ ఉంది.

“ఇరవై నాలుగు పోర్టులు, సగం ధర,” అన్నాడు డేల్. “మనకున్నవి ఇరవై రెండు ఫోన్లు.”

“పోర్టులు చాలుతాయి, కరెంటు చాలదు,” అంది ఐలా. “ఇది మొత్తం కలిపి ఇచ్చేది వంద వాట్లే, అడుగున చిన్న అక్షరాల్లో రాసుంది. మన ఫోన్ ఒక్కోటి ఎనిమిది తింటుంది. పదమూడోది వెలగదు.”

“కన్నం ఉన్నాక కరెంటు రాకేం చేస్తుంది?” గార్త్ నవ్వాడు. అందరూ నవ్వారు.

ఈ మాట ఐలాకు కొత్త కాదు. ఇంట్లో భర్త యారి ఇదే వేరే మాటల్లో అంటాడు. శనివారం అత్తగారు వాళ్లింటి సౌనాలో ఆవిరిస్నానానికి వస్తే, “ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా, కాస్త రొట్టె కూడా కాల్చు.” నడుం నొప్పంటే, “కూర్చుని చేసే ఉద్యోగానికి నొప్పేమిటి?” పిల్లల స్కూలు, మామగారి మందులు, అతని చెల్లెలి కుక్క, అన్నీ తెచ్చి ఆమెకే తగిలించారు. ఖాళీ కనిపిస్తే చాలు. ఆ స్విచ్‌లా ఆమెనీ వెనక్కి తిప్పి, ఎంత మోయగలదని అడుగున చిన్న అక్షరాల్లో రాసుందో ఇన్నేళ్లలో ఎవరూ చదవలేదు. ఆమె కూడా.

ఐలా లేచి పక్క గదుల్లో ఫోన్లన్నీ ఊడదీసి తెచ్చింది. ఒక్కొక్కటే తగిలించింది. పన్నెండు తెరలు వెలిగాయి. పదమూడోది నల్లగా ఉండిపోయింది.

“ఇంకోసారి నొక్కి పెట్టు,” అన్నాడు డేల్.

“నువ్వే పెట్టు.”

పెట్టాడు. వెలగలేదు.

“ఇది ఎమర్జెన్సీ లైను,” అంది ఐలా. “మైనస్ ముప్ఫై చలిలో ఫర్నేసు ఆగిపోయినవాళ్లు చేసేది దీనికే.”

గార్త్ గొంతు సవరించుకున్నాడు. “సరే, నువ్వు లెక్కకట్టిన మూడొందల డెబ్బై వాట్లదే తెప్పిద్దాం. ఫారం నింపెయ్. ఎంపిక చేసినవారు అన్నచోట మాత్రం డేల్ పేరు రాయి. రిసెప్షన్ అని చూస్తే విన్నిపెగ్ వాళ్లు నవ్వుతారు. ఎవరి పేరైతేనేం, మనమంతా ఒక కుటుంబం.”

“కుటుంబమంటే ఏమిటో నాకు బాగా తెలుసు,” అంది ఐలా.

ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. ‘ఎంపిక చేసినవారు: ఐలా కోస్కెలా’ అని కొట్టి, పంపించి, మూత వేసింది. గార్త్ నోరు తెరిచేలోగా కాఫీ జగ్గు తీసుకొచ్చి, అడుగున మిగిలిన వేలెడూ చుక్క మిగలకుండా అతని కప్పులో వంపింది.

“ఆఖరి కప్పు నీదే, గార్త్.”