ఇద్దరు మోసే పెట్టె

అతను పంపు గదిలోకి వస్తూనే మోటారు డొప్ప మీద అరచేత్తో ఒక్కటి చరిచి, చెవి ఒగ్గి విన్నాడు. లోపల గాలి చేరితే గలగలమంటుంది, లేకపోతే దిట్టంగా మూలుగుతుంది. ఇవాళ దిట్టంగానే మూలిగింది. "బంగారు తల్లివి" అని మెచ్చుకుని, వల తగిలించిన పొడుగు కర్ర భుజాన వేసుకుని ఈతకొలను గట్టు మీదికొచ్చాడు.

రాత్రి గాలికి రాలిన ఆకులన్నీ ఒక మూలకి చేరాయి. వాటిని వలతో దేవి, మెట్ల మీది నాచు గీకి, నీళ్లలో మందు కలిపాడు. ఏళ్ల తరబడి ఆ మందు నీళ్లలో నాని అతని వేళ్ల కొసలు తెల్లగా, ముడతలు పడి ఉంటాయి. ఎంత సబ్బు పెట్టి కడిగినా ఆ వాసన పోదు. ఈతకొచ్చే పిల్లలు అతనికి పెట్టిన పేరు పంపు మావయ్య. కొలను ఆఫీసరు కూడా అలాగే పిలుస్తాడు. ఇంత చేసీ మావయ్యకి ఈత రాదు. మోకాలు దాటి నీళ్లలో దిగిన మనిషి కాదు. సముద్రం సంగతి అడక్కండి, బొమ్మల్లో చూడటమే.

అలాంటివాడికి అలల సంగీతం పిచ్చి పట్టింది. బట్టలు మార్చుకునే గదిలో ఎవరో వదిలేసిన క్యాసెట్టు చాలాకాలం ఎవరూ అడగకపోతే ఇంటికి తెచ్చుకున్నాడు. అందులో పాడేవాళ్లు లేరు. వట్టి గిటార్లే. సముద్రపు అలల మీద పలకలేసుకుని జారేవాళ్ల కోసం పుట్టిన సంగీతమట, సర్ఫ్ అంటారట. అదంతా తర్వాత తెలిసింది. మొదటిసారి విన్నప్పుడు అతనికి తెలిసిందల్లా ఒక్కటే, ఆ శబ్దం తడిగా ఉంది. తీగె మీటినచోట ఆగదు. చినుకులా రాలి, అలలా సాగి, ఎక్కడో వెళ్లి విరుగుతుంది. నలభై దగ్గర పడ్డాక గిటారు పట్టాడు. క్షౌరం చేసే స్నేహితుడు డ్రమ్ములు, వ్యాను నడిపే బావమరిది బేస్ గిటారు. కొలనుకి సెలవు దొరికిన రోజు ముగ్గురూ గట్టు మీద కూర్చుని వాయించుకునేవారు. ఎవరి పుట్టినరోజుకో పిలిస్తే వ్యాను ఎక్కి వెళ్లేవారు.

కిందటి వానాకాలం అతని గుండె ఒకసారి మొరాయించింది. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టరు బరువులెత్తొద్దన్నాడు. ఆ రోజు నుంచి భార్య నీళ్ల బకెట్టు కూడా ముట్టుకోనివ్వడం లేదు. ఇంతలో గిటారు మోతని పెంచే వాళ్ల పాత ఆంప్లిఫయర్ పెట్టె పొగలు కక్కి చచ్చిపోయింది. ఈ మధ్యాహ్నం సెలవు పెట్టింది కొత్తది ఎంచుకోవడానికే.

కొలను దగ్గరికి బావమరిది వ్యాను వచ్చేసరికి భార్య అప్పటికే ముందు సీట్లో ఉంది. తెరలూ, సోఫా గలీబులూ కుట్టే మనిషి, మెడలో కొలత టేపు తీయడం కూడా మరిచిపోయింది.

"పెట్టె కొలతలు తీసుకుంటావా అక్కా?" అన్నాడు వ్యాను నడుపుతున్న ఆమె తమ్ముడు.

"తీసుకుంటాను. దుమ్ము పడితే మళ్లీ పొగొస్తుంది. తొడుగు కుడతాను."

సంగీతం దుకాణంలో దుకాణదారు ముందు చిన్న పెట్టె చూపించాడు. ఒంటి చేత్తో ఎత్తి బల్ల మీద పెట్టాడు. బోలెడు మీటలు. ఏ మీట నొక్కితే ఆ రకం మోత. మావయ్య గిటారు తగిలించి అట్టడుగు తీగెని చేతి అంచుతో అదిమిపెట్టి గబగబా మీటాడు. బాగానే ఉంది. మోతా వచ్చింది, కానీ పొడిగా వచ్చింది.

"బాగుంది బావా! చంకలో పెట్టుకుని ఎక్కడికైనా పోవచ్చు" అన్నాడు బావమరిది.

"బాగుంది" అన్నాడు మావయ్య. చూపు మాత్రం మూలనున్న పెద్ద పెట్టె మీద పడింది.

అది పాతకాలపుది. చెక్క డొప్ప, ముందు వెలిసిపోయిన గుడ్డ, లోపల గాజు బల్బులు, అడుగున పొడుగాటి స్ప్రింగులు. గిటారు మోత ఆ స్ప్రింగుల్లోంచి ఊగుతూ బయటికి వస్తుంది. దుకాణదారు మీట వేశాడు. ఎర్రదీపం వెలిగింది. బల్బులు వేడెక్కేదాకా ఆగి, మావయ్య గిటారు ముట్టుకోకుండానే పెట్టె నెత్తిన అరచేత్తో ఒక్కటి చరిచాడు.

దుకాణమంతా ఉరిమింది.

"అయ్యయ్యో, కొట్టకండి సార్! పాతది!" దుకాణదారు పరిగెత్తుకొచ్చాడు.

"కొట్టలేదండీ, పలకరించాను" అన్నాడు మావయ్య సిగ్గుపడుతూ. స్ప్రింగులు బతికున్నాయో లేదో అలాగే తెలుస్తుంది. ఈ సంగీతం వాయించేవాళ్లందరికీ ఉన్న అలవాటే అది. అతనికైతే పంపు దగ్గరే అబ్బింది.

గిటారు తగిలించి మీటాడు. చినుకు, అల, విరగడం, అన్నీ వచ్చాయి. క్యాసెట్టులో విన్నదే, ఇప్పుడు అతని వేళ్ల కింద. అతని కళ్లు చెమర్చాయి. ఆ ముఖం భార్య చూసింది. పెళ్లయ్యాక ఆ ముఖం చాలా తక్కువసార్లు చూసింది.

మావయ్య గిటారు దించాడు. "చిన్నదే తీసుకుందాం. దీన్ని ఎవరు మోస్తారు? నా కోసం మిగతా ఇద్దరి వాయింపుడు ఆగకూడదు."

భార్య దుకాణదారు వైపు తిరిగింది. "ఈ పెద్దదాన్ని ఒక్కడు ఎత్తగలడా?"

"లేదమ్మా, అబద్ధమెందుకు. ఇద్దరు కావాలి."

"అయితే ఇదే ఇవ్వండి."

తమ్ముడు తెల్లబోయాడు. "బావని ఇంట్లో కట్టెయ్యడానికా అక్కా?"

"అవును" అంది ఆమె నదురూ బెదురూ లేకుండా. "చిన్నదైతే చంకలో పెట్టుకుని ఊరంతా తిప్పుతావు. ఇది కదలదు, ఆయనా కదలరు. మీ వాయింపుడేదో మా ఇంటికొచ్చి వాయించండి. టీ పోస్తాను."

మావయ్య పెట్టె నెత్తిన మెల్లగా చెయ్యేశాడు. బేరం అయ్యేదాకా తియ్యలేదు.

పెట్టెని బావమరిదీ, దారిలో ఎక్కించుకున్న క్షౌరం స్నేహితుడూ మోశారు. మేడ మెట్లెక్కేసరికి ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది. మావయ్య వెనకాలే కొలత టేపు పట్టుకుని ఎక్కాడు. ఎత్తనని భార్యకి మాటిచ్చాడు, నిలబెట్టుకున్నాడు.

వాళ్లు టీ తాగి వెళ్లాక పెట్టెకి మీట వేశాడు. వాళ్లది చెక్క నేల. భార్య కప్పులు తీసుకుని గదిలోంచి నడుస్తుంటే అడుగడుక్కీ పెట్టె గుర్రుమంది.

"ఇదేమిటండీ, నేను నడిస్తే ఉరుముతోంది?"

"నీ బరువు దానికీ తెలిసింది" అన్నాడు. ఆమె కప్పులు దించి, టేపుతో ఒక్కటిచ్చుకుంది.

పొద్దు వాలుతోంది. ఆమె పక్కగదిలో తొక్కుడు మిషను ముందు కూర్చుని, మిగిలిన తెరగుడ్డతో తొడుగు మొదలుపెట్టింది. ఇవతల గిటారు చాలాసేపు మోగింది. తర్వాత రాగం ఆగి, వట్టి మోత మిగిలింది, దూరంగా నీళ్లు కదిలినట్టు. ఆమె దారం ఎక్కించడానికి మిషను ఆపింది. మోతా ఆగింది. మళ్లీ తొక్కింది. మళ్లీ మొదలైంది.

"చాల్లెండి వేళాకోళం! నా మిషనుకి వంతపాడతారా?" అని కేకేసింది.

జోరుగా తొక్కింది. మోత జోరైంది. మెల్లగా తొక్కింది. మోతా మెల్లగైంది. ఆమెకి నవ్వాగలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఇద్దరూ కలిసి వాయించడం అదే మొదలు. అంచు అంతా కుట్టేదాకా ఆ ఆట ఆపలేదు.

తొడుగు సరిపోతుందో లేదో చూద్దామని తీసుకుని వచ్చింది. అడుగడుక్కీ పెట్టె గుర్రుమంటూనే ఉంది. అతను కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. గిటారు ఒళ్లోనే ఉంది. చేతులు రెండూ తీగెల మీద లేవు. కుడిచెయ్యి పక్కకి వేలాడుతోంది. మీటే బిళ్ల నేల మీద పడి ఉంది. పిలిచింది, భుజం కుదిపింది, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. చాలాసేపటి నుంచి తను ఒక్కతే వాయిస్తోందని అప్పుడు తెలిసింది.

కబురందగానే తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు, వెనకే స్నేహితుడు. తమ్ముడు ఆమె కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాడు. "బావని పెట్టెకి వేలు కూడా పెట్టనివ్వలేదక్కా! ఒట్టు!"

"తెలుసురా. నేను చూస్తూనే ఉన్నాను కదా."

వాడు కళ్లు తుడుచుకుని పెట్టె మీట ఆపబోయాడు.

"ఉండనీ" అంది. తొడుగు ఇంకా ఆమె చేతుల్లోనే ఉంది.

ఇరుగుపొరుగు ఒక్కొక్కరే మెట్లెక్కి వస్తున్నారు. చప్పుడు కాకుండా నడవాలని అందరూ చూస్తున్నారు. మూలన ఎర్రదీపంతో ఆ పెట్టె మాత్రం, వచ్చిన ప్రతి అడుగుకీ మెల్లగా ఉరుముతూనే ఉంది.