మంచులో తోమా సెట్టు

కొల్లేటికోట రేవులో మంచు పడిందంటే కళ్ళతో పనిలేదు, చెవులే దారి. చేపల వేటకెళ్ళిన దోనెలన్నీ తోమా పడవలో పాటల సెట్టు మోగే వైపు గుర్తుపట్టే తిరిగొస్తాయి. అందుకే అతను తెల్లారగానే చర్చి పాటలు పెట్టి సౌండు ఆఖరిదాకా తిప్పేస్తాడు. నిద్ర చెడిందని తిట్టుకునేవాళ్ళు కూడా ఆపమని మాత్రం అనరు.

ఆ రోజు మాయదారి సెట్టు నోరు విప్పలేదు. తోమా తమ్ముడు మధుబాబు చీకటితోనే దోనె వేసుకుని వలలెత్తడానికి పోయాడు. ఏడు గంటలైనా జాడ లేదు. చెయ్యి చాపితే వేళ్ళు కనబడనంత మంచు. మధు భార్య ప్రీతి గట్టు మీద నిలబడి, "ఏమైందండీ బావగారూ, పాట రావట్లేదేంటండీ?" అంది.

"వస్తుందమ్మా, ఉండు."

బ్యాటరీకి బల్బు పెట్టి చూశాడు, భేషుగ్గా వెలిగింది. ఫ్యూజు బాగానే ఉంది. స్పీకర్ వైర్లు విప్పి మళ్ళీ బిగించాడు. ఊహూఁ. తాడేపల్లిగూడెంలో ఎనిమిదేళ్ళు ఆటో నడిపిన బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆటోకి ఒళ్ళంతా ఇనుమే, నల్లవైరు ఎక్కడ తాకించినా ఎర్త్ దొరుకుతుంది. ఆ అలవాటుతోనే వైరు తెచ్చి పడవ అంచునున్న ఇనప కమ్మీకి చుట్టాడు. పడవ ఫైబరుది, దానికి ఎర్త్ అందదని గుర్తొస్తేగా! అరగంట దానితోనే కుస్తీ పట్టాడు.

అప్పుడు చూశాడు, ఇంజను ఉండాల్సిన ఖాళీ చోటు. బ్యాటరీ మైనస్ వైరూ, సెట్టు నల్లవైరూ రెండూ ఇన్నాళ్ళూ ఆ ఇంజను బోల్టుకే ఉండేవి. నిన్న ఇంజను విప్పి కైకలూరు రిపేరుకి పంపింది తనే. ఓరి నా బుద్ధి తగలెయ్య, అని తల బాదుకుని రెండు వైర్లూ కలిపి మెలేశాడు. పాట ఒక్కసారిగా ఊరు దద్దరిల్లేలా లేచింది. ప్రీతి చేతులు జోడించి ఏడ్చేసింది.

దోనెలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. మధుది రాలేదు. తొమ్మిదింటికి మంచు విడిచాక, వేటకెళ్ళినవాళ్ళలో ఆఖరున గంగాధరరావుగారు వచ్చారు. ఆయన దోనె వెనక మధు దోనె ఖాళీగా, తాడుకు కట్టి ఉంది.

"నీ పాట మొదలవకముందు అవతల గట్టు మీద పెళ్ళివారి మైకులో చర్చి పాటలు మోగుతున్నాయి, తోమా. మధు అది నీ సెట్టే అనుకున్నాడు. అటు తూముందిరా, నీళ్ళు లాగేస్తాయి, పోకురా అని అరిచాను. మా అన్న పాట నాకు తెలీదా అంటూ పోయాడు. తూము దగ్గర దోనె బోర్లాపడి ఉంది. మనిషి కనబళ్ళేదు."

తమ్ముణ్ణి చంపింది నీళ్ళు కాదు, నేనే అనుకున్నాడు తోమా. ఆ పాట ఇక వినలేక సెట్టు మీదికి చెయ్యి చాపాడు.

"ఆపకండి బావగారూ," అంది ప్రీతి, నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా. "ఆపేస్తే ఎటు రావాలో ఆయనకి తెలీదండీ."

తోమా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.