కొత్త మెషీన్ ముందు కుర్చీ

“ఏమోయ్, ఒక పొడిగుడ్డ పట్రా. మెత్తటిది. నీ వంటింటి మసిగుడ్డ కాదు సుమా!”

ఆయన హాలు మధ్యలో బాసింపట్టు వేసుకుని అట్టపెట్టెలు విప్పుతున్నాడు. ఒక దాంట్లోంచి కొత్త కంప్యూటరు, ఇంకో దాంట్లోంచి వెడల్పాటి మానిటరు బయటికొచ్చాయి. ఆమె పాత నూలు దుప్పట్లోంచి ఒక ముక్క చింపి తెచ్చిచ్చింది. ఆయన ఆ మానిటరుని తుడిచిన తీరు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. మెల్లగా ఊదుతూ, వేలిముద్ర పడకుండా, మూలమూలలా తుడిచాడు. ఆమె కళ్ళజోడు జారి కూరగిన్నెలో పడ్డ రోజున “చూసుకోవద్దూ?” అన్నాడే గానీ తీసి తుడిచిన పాపాన పోలేదు. అయినా ఇవాళ ఆమెకి కోపం రాలేదు. ఎందుకొస్తుంది? ఆ మెషీన్ తన కోసమే అనుకుంటోంది మరి.

అనుకోవడంలో తప్పేముంది చెప్పండి! ఆయనకి బజార్లో ఫోటో స్టూడియో ఉంది. ఫోటోలు తీసేది ఆయన. తీసినవాటిని జనం డబ్బిచ్చి పట్టుకెళ్ళేలా చేసేది ఆమె. పెళ్ళికూతురి కళ్ళకింద నలుపు తగ్గించడం, గ్రూపు ఫోటోలో కళ్ళు మూసేసిన బాబాయికి ఇంకో ఫోటోలోంచి తెరిచిన కళ్ళు తెచ్చి పెట్టడం, ఫోటో తీసేటప్పుడు మొహం మాడ్చుకున్న ఆడపడుచుని కాస్త వెనక్కి జరపడం, ఆల్బమ్ పేజీలు పేర్చడం, అన్నీ ఆమె పనులే. అదంతా పడగ్గది మూల, బీరువాకీ కిటికీకీ మధ్య ఇరుక్కున్న పాత కంప్యూటరు మీద జరిగేది. ఆల్బమ్ చివరి పేజీలో మాత్రం ఆయన పేరుండేది. ఊళ్ళో అందరూ ఆయన్ని “సారు” అంటారు. ఆమెని “సారు వాళ్ళావిడ” అంటారు.

ఆ పాత కంప్యూటరు సంగతి చెప్పక్కర్లేదు. సేవ్ నొక్కితే తెర మీద గీత పాకుతూనే ఉండేది. అది ఆ చివరికి చేరేలోపు ఆమె గిన్నెలు తోమేసి వచ్చేది. ఫిల్టర్ వేసి వెళ్ళి బట్టలు నానబెట్టేది. ప్రింటుకి పంపడానికి ఆల్బమంతా ఒకేసారి బయటికి తీయాలంటే కూర వండి, అత్తగారి మోకాళ్ళకి కాపడం పెట్టి మరీ వచ్చేది. దాని నత్తనడకలోనే ఇంటి చాకిరీ అంతా సర్దేసుకుంది. వచ్చి చూస్తే సగం సార్లు తెర బిగుసుకుపోయి ఉండేది. మళ్ళీ మొదటికి! “ఏమండీ, ర్యామ్ పెంచించండి, గ్రాఫిక్స్ కార్డు వేయించండి, ఈ సాఫ్ట్‌వేర్ మరీ పాతదైపోయింది, మీ కొత్త కెమెరా ఫోటోలు తెరవనంటోంది” అని ఆమె మొత్తుకోని నెల లేదు. “ఇంట్లోనే ఉంటావుగా, నిదానంగా చేసుకో” అనేవాడు. అలాంటిది మొన్న భోజనాల దగ్గర తనంతట తనే అడిగాడు. “అవునూ, మన పనికి ర్యామ్ ఎంతుండాలి? కార్డు ఏదైతే మంచిది?” ఆమె గరిటె పట్టుకున్న చేత్తోనే ఊపిరి తిప్పుకోకుండా చెప్పేసింది. ఆయన ఫోన్‌లో రాసుకున్నాడు. ఇప్పుడు పెట్టెల మీద చూస్తే పొల్లు పోకుండా అన్నీ ఆమె చెప్పినవే.

ఆయన టీ తాగి వచ్చేసరికి ఆమె మూలనున్న బల్ల ఖాళీ చేసేసింది. పాత కంప్యూటరు కింద పెట్టి, వైర్లు చుట్టి, కిటికీ పరదా కూడా మార్చింది.

“బల్లెందుకు ఖాళీ చేశావ్?”

“కొత్తది పెట్టుకోవద్దూ?”

ఆయన నవ్వాడు. వెటకారం నవ్వు అయినా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది. ముద్దుగా నవ్వాడు. “పిచ్చిదానా, ఇది షాపుకి. అన్నీ సరిగ్గా వచ్చాయో లేదో చూద్దామని ఇక్కడ విప్పానంతే. రేపట్నుంచి ఎడిటింగ్‌కి ఒకమ్మాయి వస్తోంది, కోర్సు చేసింది. కొత్త సాఫ్ట్‌వేర్ కూడా దీంట్లోనే ఎక్కిస్తారు. పాతది ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేశాను, సాయంత్రం వచ్చి పట్టుకెళ్తారు. నీకు ఈ గొడవ వదిలిపోయింది. హాయిగా ఉండు.”

సోఫాలోంచి అత్తగారు అందుకుంది. “అదృష్టవంతురాలివమ్మాయ్! ఎంతమంది మొగుళ్ళు ఇలా ఆలోచిస్తారు? కళ్ళు మండుతున్నాయని నువ్వే గదా సణిగేదానివి. ఇక ఇల్లు శుభ్రంగా చూసుకో.”

తల్లీకొడుకులిద్దరూ వరమిచ్చినవాళ్ళలా చూశారు. మగాడికి పని పోతే ఇంటిల్లిపాదీ గొంతు తగ్గించి మాట్లాడతారు. ఆమెకి పోయిందని ఎవరికి తెలుసు? ఉందని తెలిస్తే కదా పోయిందని తెలియడానికి! సాయంత్రం ఇద్దరు మనుషులొచ్చి పాత కంప్యూటరుని సంచిలో వేసుకుని పోయారు. బల్ల మీద అత్తగారు ఇస్త్రీ బట్టలు పెట్టించింది.

ఆ మర్నాటి నుంచి ఆమెని పట్టుకుంది కుళ్ళు. అసూయ అంటే మర్యాదగా ఉంటుందేమో గానీ, అది కుళ్ళే. నిద్రలేస్తూనే కడుపులో మండేది. మొదట మెషీన్ మీద. షాపులో దానికి అద్దాల గది కట్టించాడట. ఏసీ పెట్టించాడట. దుమ్ము పడకుండా తొడుగు కుట్టించాడట. ఇంట్లో ఆమె చెమటలు కక్కుతూ ఆల్బమ్‌లు చేసినన్నాళ్ళూ ఫ్యాన్ రెక్క కూడా సరిచేయించని మనిషి! సవతి అంటే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంది. తర్వాత ఆ పిల్ల మీద. కోర్సు చేసిందట, జీతమట, ఆదివారం సెలవట. సెలవు! ఆదివారం వచ్చిందంటే అత్తగారికి చుట్టాలు, ఆయనకి మధ్యాహ్నం నిద్ర, ఆమెకి రెండింతల గిన్నెలు. ఆ పిల్ల అందగత్తేమో, ఆయన ఆ పిల్లని చూసి నవ్వుతాడేమో అని పక్కింటావిడ చాటుగా హెచ్చరించింది కూడా. “జాగ్రత్త, మగాళ్ళని నమ్మకూడదు” అంటూ గడప దాకా వచ్చి మరీ చెప్పింది. ఆమెకి నవ్వొచ్చింది. మొగుణ్ణి ఎవరైనా ఎగరేసుకుపోతే పోనీ, ఆ మెషీన్ ముందున్న కుర్చీని మాత్రం ఎవరైనా తనకిస్తే చాలనిపించింది. అలా అనిపించినందుకు కాస్త భయపడింది కూడా.

ఒకరోజు బీరువాలో ఉండిపోయిన, పాత ఆల్బమ్‌లున్న హార్డ్ డిస్క్ కావాలని ఆయన ఫోన్ చేశాడు. ఎలాగూ వస్తోంది గనక భోజనం క్యారేజీ కూడా తెమ్మన్నాడు. ఆమె వెళ్ళేసరికి అద్దాల గదిలో ఆ పిల్ల కూర్చుని ఉంది. సన్నగా, చింపిరి జుట్టుతో, సాదాసీదాగా ఉంది. అందగత్తె ఏమీ కాదు. ఆయన బయటినుంచే అంటున్నాడు. “చూడండమ్మా, మీరు ముందు ఆ గ్రూపు ఫోటోలు చూడండి. మీకు వీలైతేనే.”

మీరు! వీలైతేనే! పెళ్ళయిన నాటినుంచీ ఏమోయ్, నువ్వు, ఇదిగో, అదిగో. నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకి మీరు! ఆయన కస్టమరుతో మాట్లాడుతూ వీధిలోకి వెళ్ళాడు. ఆమె డిస్కు అందించింది.

“కూర్చోండక్కా” అని ఆ పిల్ల ఇంకో స్టూలు లాగింది. డిస్కు తగిలించి పాత ఆల్బమ్ ఒకటి తెరిచింది. “ఎంత బాగున్నాయో! చర్మం చర్మంలాగే ఉంది, ప్లాస్టిక్‌లా లేదు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఒక్క బటన్ నొక్కితే నునుపు చేసేస్తుంది గానీ, అందరూ బొమ్మల్లా అయిపోతున్నారు. ఇవెలా చేశారని సార్ని అడిగితే అనుభవం మీద వస్తుందమ్మా అన్నారు. మీకేమైనా తెలుసా అక్కా?”

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. అనుభవమట! ఎవరి అనుభవం? “నాకేం తెలుసు? ఆయన్నే అడుగు” అంది. చచ్చినా చెప్పకూడదనుకుంది. చెప్పనందుకు ఒక్క క్షణం హాయిగా కూడా ఉంది.

కానీ కళ్ళు తెర వైపు పోయాయి. పాత మానిటరు కామెర్లు వచ్చినట్టు అన్నీ పచ్చగా చూపించేది. ప్రింటులో ఎలా వస్తుందో ఊహించుకుని, తెర మీద పచ్చగా ఉన్నవాటిని అలాగే వదిలేసేది. తను చేసిన పనిని సరైన రంగుల్లో తెర మీద ఇప్పుడే మొదటిసారి చూస్తోంది. పెళ్ళికూతురి చెవుల వెనక వెలుగు ఎంత మెత్తగా ఉంది! వెనకాల జుట్టు అంచు దగ్గర తన తప్పు కూడా కనిపించింది, కత్తెరతో కత్తిరించినట్టు. అయ్యో, ఇది నాకు అక్కడ కనబడలేదే అనుకుంది. “ఒక్కసారి జరుగమ్మా” అంది.

ఆ పిల్ల లేచింది. ఆమె కుర్చీలో కూర్చుంది. వీపుకి ఆనుకునే కుర్చీ. మౌస్ కదిపితే చాలు, వెంటనే పలికింది ఆ మెషీన్. ఆగిపోవడాల్లేవు, పాకే గీతల్లేవు. లేచి గిన్నెల దగ్గరికి పోవడానికి సందే ఇవ్వలేదు. జుట్టు అంచు ఒక్కో పోగూ సరిచేసుకుంటూ పోయింది. తర్వాత ఇంకో ఫోటో. ఆ తర్వాత ఇంకోటి. ఎన్నాళ్ళయిందో ఇలా ఒకే పని మీద మనసు పెట్టి. మధ్యలో అసలు ఎవరూ పిలవకపోవడం ఆమెకి వింతగా ఉంది.

“అయ్యో అయ్యో, నువ్వెందుకక్కడ కూర్చున్నావ్?” ఆయన గాభరాగా తలుపు తోసుకుని వచ్చాడు. “లే, లే! సెట్టింగులన్నీ మారిపోతాయి. అది నీ పాతదానిలాంటిది కాదు. చెయ్యి పెట్టకు.” ఆ పిల్ల వైపు తిరిగాడు. “సారీ అమ్మా. ఆవిడకి ఇవన్నీ తెలియవు. మీరు కూర్చోండి.”

ఆమె లేచింది. తల కొట్టేసినట్టయింది. అరవాలనిపించింది. కస్టమర్లున్నారని నోరు నొక్కుకుంది. క్యారేజీ బల్ల మీద పెట్టి, మెట్లు దిగి వీధి మలుపు దాకా ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. వెనకనుంచి “అక్కా, అక్కా” అని పిలుపు. ఆ పిల్ల పరిగెత్తుకుంటూ వస్తోంది. 

“అవన్నీ మీరు చేసినవే కదూ?” రొప్పుతూ అడిగింది. “మౌస్ పట్టుకోగానే తెలిసిపోయింది. నిజం చెప్పనా? మీ చెయ్యి చూస్తే నాకు భలే కుళ్ళొచ్చింది అక్కా.”

ఆమె నిలబడిపోయింది. తనని చూసి ఒకరు కుళ్ళుకోవడం! ఇంతవరకూ ఎవరు కుళ్ళుకున్నారు గనక? జాలిపడ్డారు, మెచ్చుకున్నారు, ఓపిక గల మనిషన్నారు. పొద్దున్నుంచీ, కాదు, ఇన్నాళ్ళనుంచీ మండుతున్న కడుపులో ఏదో చల్లబడింది. నడిరోడ్డు మీద నిలబడే ఆ పిల్లకి చెప్పేసింది. చర్మం మీద గీతల్ని ఒక పొరలోకీ, రంగుని ఇంకో పొరలోకీ విడదీయాలనీ, రంగుని మాత్రమే నునుపు చేయాలనీ, పుట్టుమచ్చ జోలికి అసలు పోకూడదనీ. ఆ పిల్ల బుద్ధిగా తల ఊపింది.

“వెనక వీధి స్టూడియోలో కూడా ఇదే మెషీన్ కొన్నారక్కా, ఇదే సాఫ్ట్‌వేర్. ముందు నన్నే పిలిచారు. నేనిక్కడ చేరిపోయాను. వాళ్ళకింకా మనిషి దొరకలేదు” అని చెప్పి, ఇంకేదో అనబోయి, సారు కేకేస్తున్నాడని వెనక్కి పరిగెత్తింది.

మర్నాడు అత్తగారికి కాపడం పెట్టి, కూర మూతపెట్టి, “ఎక్కడికమ్మాయ్?” అంటే “పనుందత్తయ్యా” అని చెప్పి ఆమె బయల్దేరింది. వెనక వీధి స్టూడియో ఓనరు తెల్లజుట్టు పెద్దమనిషి. ఆమెని చూడగానే లేచి నిలబడ్డాడు.

“సారు వాళ్ళావిడ కదూ మీరు? రండి రండి. సారేమైనా పంపించారా?”

“లేదండీ. ఎడిటింగ్‌కి మనిషి కావాలని విన్నాను. నా కోసమే వచ్చాను.”

పెద్దాయన తెల్లబోయాడు. ఆమెని ఒకసారి, లోపలి గదిలో ఖాళీగా ఉన్న మెషీన్‌ని ఒకసారి చూశాడు. ఏం అడగాలో తోచక, వచ్చిన ప్రతివాళ్ళనీ అడిగే మాటే అడిగాడు. “ఇంతకుముందు ఎక్కడైనా పని చేశారా అమ్మా?”

లేదండీ, ఇంట్లోనే ఉంటాను అనే మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది.

“సారు స్టూడియోలో చేశానండీ. ఆల్బమ్‌లన్నీ నేను చేసినవే. జీతం ఇవ్వట్లేదని మానేశాను.”