ఒకటిన్నర అంగుళం కర్రముక్క

నాకు కోపం ఎక్కువని మావాళ్ళందరూ అంటారు. నిజమే. కానీ పోయిన దసరా దాకా ఆ కోపమంతా కుందేళ్ళ మీదే ఉండేది.

మేం వలసొచ్చిన ఈ దేశంలో, క్రాన్‌బర్న్ ఊరు దాటాక మాకు పదెకరాలుంది. మా ఆయన రామచంద్ర ఉన్నన్నాళ్ళూ అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు. ఆయన పోయాక నేను హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం మానేసి గోంగూర వేశాను. ఎండాకాలమంతా చుట్టుపక్కల ఇండియన్ షాపులకి నా కట్టలే వెళ్తాయి. అదీ కుందేళ్ళు మిగిల్చితే. మొక్క జానెడు ఎదిగేలోపే వరసకి వరస మేసి పోతాయి. కంచె వేస్తే కిందనుంచి తవ్వుకొచ్చాయి. మందు పెడదామంటే పక్కింటివాళ్ళ కుక్క తింటుందని భయం. చివరికి యాభై ఎనిమిదేళ్ళ వయసులో కుర్రకారు మధ్య కూర్చుని పరీక్ష రాసి తుపాకీ లైసెన్స్ తెచ్చుకున్నాను.

తుపాకీ కొనడానికి నాకు తోడు వచ్చింది మా మరిది ఉపేంద్ర. అతనికి పదేళ్ళుగా లైసెన్స్ ఉంది, స్నేహితులతో బాతుల వేటకి వెళ్తుంటాడు. షాపువాడు నున్నగా మెరిసే ఇటలీ తుపాకులు చూపిస్తుంటే, ఉపేంద్ర మూల ర్యాకులోంచి ఓ పాత ఒంటిగొట్టం తుపాకీ తీయించాడు.

"వదినా, నీకు కావాల్సింది షోకేసులో పెట్టుకునేది కాదు. బురదలో పడ్డా, యూట్ ట్రక్కు వెనకాల దొర్లినా ఏడుపు రానిది కావాలి. మధ్యకి మడిచి ఒక్క తూటా పెట్టడం, కాల్చడం, అంతే. చెడిపోడానికి ఇందులో ఏముంది?"

"తుప్పు పట్టిందయ్యా."

"పైపైనే. గొట్టం లోపల చూడు, అద్దంలా ఉంది. ప్రైస్ సంగతి నేను మాట్లాడతాగా."

మాట్లాడాడు. నా పాత టీవీ కంటే తక్కువకి వచ్చింది. పర్మిట్ రావడానికి మాత్రం నెల పట్టింది.

అది ఆరడుగుల మనిషికి చేసిన తుపాకీ. నేను ఐదడుగులు లేను. భుజానికి ఆనిస్తే వేలు ట్రిగ్గర్ దాకా అందలేదు. ఒక ఆదివారం ఉపేంద్ర మా షెడ్డులో కూర్చుని నా చెయ్యి కొలిచి, తుపాకీ మడమని, అదే భుజానికి ఆనే కర్రని, ఒకటిన్నర అంగుళం కోసి, దానికి రబ్బరు మెత్త బిగించాడు. తేలిక తుపాకీ కాల్చగానే వెనక్కి గట్టిగా తంతుందిట, ఆ మెత్త లేకపోతే నా భుజం కమిలిపోతుందిట. గొట్టం జోలికి మాత్రం పోలేదు. "అది పొట్టి చేస్తే జైలే వదినా" అన్నాడు. చట్టం అతనికి అంత బాగా తెలుసు.

తుప్పంతా గీకి నూనె రాశాం. గడ్డిలో పెడితే కనపడాలని నారింజరంగు టేపు చుట్టాం. గొట్టం కొసన గురి చూసే బొడిపె నా కళ్ళకి ఆనకపోతే దాని మీద ఎర్ర గోళ్ళరంగు పూశాను. భుజానికి తగిలించుకునే పట్టీ కొనబోతే ఉపేంద్ర వద్దన్నాడు. రామచంద్ర పాత తోలు బెల్టు అడిగి తీసుకుని, దానికే బెజ్జాలు వేసి బిగించాడు. "అన్నయ్య నీ వెనకాలే ఉన్నట్టు ఉంటుంది" అన్నాడు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

కోసిన కర్రముక్కని తుడిచి జేబులో వేసుకున్నాడు. ఎందుకయ్యా, పారెయ్యక, అన్నాను. "ఎప్పటికైనా పనికొస్తుంది వదినా" అన్నాడు. వాళ్ళ గరాజ్ నిండా అలాంటి చెత్తే. నవ్వుకున్నాను.

దసరాకి మా పొలంలో ఆయుధపూజ పెట్టుకున్నాం. పాతికమంది వచ్చారు. ట్రాక్టర్‌కీ, పారలకీ, గడ్డికోసే మెషిన్‌కీ పసుపూ కుంకుమా పెట్టాను. తుపాకీ మాత్రం బీరువాలోనే ఉంది. ఇనప బీరువాలో తాళం వేసి ఉంచాలి, లైసెన్స్ లేనివాళ్ళ చేతికి ఇవ్వకూడదు. అది రూలు.

"అసలు ఆయుధాన్ని లోపల దాచి పారకి బొట్టు పెడతావా? తియ్ వదినా. ఎవరూ ముట్టుకోకుండా నేను పక్కనే నిలబడతాగా" అన్నాడు ఉపేంద్ర.

తూటాలు లోపల తాళంలోనే ఉన్నాయని చూసుకుని, తుపాకీ మడిచి, ఖాళీగా ఉందని ఇద్దరం చూసుకుని చాప మీద పెట్టాం. బొట్టు పెట్టాను, హారతి ఇచ్చాను. పులిహోర కలపడానికి లోపలికి వెళ్తూ, దీని దగ్గర్నించి కదలకు అని చెప్పాను.

"నువ్వెళ్ళు వదినా. నేనున్నాగా."

నేను లోపలుండగా ఆ తుపాకీ చేతులు మారింది. ఉపేంద్ర ఆఫీసులో కొత్తగా చేరిన చైత్ర, పట్టుచీర మీద తుపాకీ భుజాన పెట్టుకుని ఫోటో దిగి, అమ్మవారిలా ఉన్నానా అని ఫేస్‌బుక్‌లో పెట్టింది. ఎవరు చూశారో, ఎవరు చెప్పారో. మూడోరోజు పోలీసులొచ్చి తుపాకీ పట్టుకెళ్ళారు. తర్వాతి వారం నన్ను స్టేషన్‌కి పిలిచారు.

మీరు లోపలికి వెళ్ళినప్పుడు తుపాకీ ఎవరి బాధ్యతలో ఉంది, అని అడిగింది అక్కడి ఆఫీసరమ్మ.

"మా మరిది ఉపేంద్ర. అతనికి లైసెన్స్ ఉంది. అడగండి, చెప్తాడు" అన్నాను, ధీమాగా.

అడిగాం, అని ఆవిడ ఒక కాగితం తీసి చదివింది. "ఆ తుపాకీ బయట పెట్టొద్దని నేను చెప్పాను. మా వదిన వినలేదు. కాపలా ఉండమని నాతో ఎవరూ అనలేదు. నేను కార్లు పార్క్ చేయిస్తున్నాను." కింద ఉపేంద్ర సంతకం ఉంది. ఆ వంకరసంతకం నాకు ముప్ఫైఏళ్ళుగా తెలుసు. చైత్ర ఎవరిచ్చారో గుర్తులేదని చెప్పిందిట. ఆ పిల్లకి ఇక్కడ స్థిరపడే పీఆర్ ఇంకా రాలేదు, భయపడి ఉంటుంది. ఉపేంద్రకి దేనికి భయం? ఆవిడ చదివిన నాలుగు వాక్యాల్లో నా గొంతు కోశాడు. నాకు కోపం రాలేదు, అదే ఆశ్చర్యం.

లైసెన్స్ రద్దయిందని జనవరిలో, ఇక్కడి నడి ఎండాకాలంలో, ఉత్తరం వచ్చింది. అప్పటికి కుందేళ్ళు మేసేసి మొదటి మూడు వరసల్లో గోంగూర మోళ్ళే మిగిలాయి. పట్టుకెళ్ళిన తుపాకీని లైసెన్స్ ఉన్న ఇంకొకరికైనా ఇవ్వాలి, ధ్వంసం చెయ్యమనైనా రాసివ్వాలి. ఉత్తరంతో వచ్చిన కాగితంలో ఏ గడిలో టిక్ పెట్టాలో ఆలోచిస్తుండగా ఉపేంద్ర వచ్చాడు. దసరా తర్వాత మా గడప తొక్కడం అదే మొదటిసారి. నా చేతిలో కాగితం తీసుకుని, మొదటి గడిలో తన పేరూ లైసెన్స్ నంబరూ చకచకా రాశాడు.

"కోపం ఉంటుందిలే, నాకు తెలుసు. ఆలోచించు వదినా. ఇద్దరి లైసెన్సులూ పోతే ఎవరికి లాభం? నాదొకటి మిగిలితే మన ఫ్యామిలీకి మిగిలినట్టే కదా. ఆ గన్ నా పేర్న పెట్టెయ్. ప్రతి శనివారం నేనే వచ్చి కుందేళ్ళని కొట్టిపెడతా."

"వద్దని చెప్పానని రాశావు. బయటికి తియ్యమన్నదెవరు?"

"వాళ్ళు అడిగే తీరులో నోటికేదొస్తే అది చెప్పేశా."

"సరే. అది నా కొలతకి కోసిన తుపాకీ. నీకెలా సరిపోతుంది?"

ఉపేంద్ర జేబులోంచి ఆ కర్రముక్క తీసి బల్ల మీద పెట్టాడు. చక్కగా నునుపు చేసి, నూనె పట్టించి ఉంది. స్క్రూలకి రెండు బెజ్జాలు కూడా వేసి ఉన్నాయి.

"దీన్ని మళ్ళీ బిగిస్తే సరి" అన్నాడు.

"ఈ బెజ్జాలు ఎప్పుడు వేశావు?"

"కోసిన వారంలోనే. ఊరికే వదినా. చేతిలో డ్రిల్ ఉంది కదా అని."

నా భుజం కోసం మెత్త బిగించి, మా ఆయన బెల్టుకి బెజ్జాలు వేసి, ఇంటికెళ్ళి ఈ ముక్కకీ బెజ్జాలు వేసుకున్నాడన్నమాట. ముందే అనుకుని చేశాడో, నిజంగా ఊరికే చేశాడో నాకు తెలియదు. అతని ఏ మాట నమ్మి తెలుసుకోను? ముప్ఫైఏళ్ళలో అతను నాకు చేసిన ప్రతి సాయాన్నీ ఇప్పుడు తిరగేసి చూసుకోవాలి. అది తలుచుకుంటే ఏడుపొచ్చింది. అతని ముందు ఏడవలేదు.

ఉపేంద్ర రాసుకున్న పేరు కొట్టేసి, ధ్వంసం చెయ్యమనే రెండో గడిలో టిక్ పెట్టాను.

అతని మొహం మారింది. "వదినా, దానికి అన్నయ్య బెల్టు ఉంది."

నా చెయ్యి ఆగింది. ఆ సంగతి నేను మర్చిపోయాను. అతను మర్చిపోలేదు. అయినా సంతకం పెట్టాను.

కర్రముక్క తీసి అతని చేతిలో పెట్టాను.

"ఇది నువ్వే ఉంచుకో. నువ్వేదీ పారెయ్యవుగా, మనుషుల్ని తప్ప."

దాన్ని జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. నేను బకెట్ తీసుకుని మిగిలిన వరసలకి నీళ్ళు పొయ్యడానికి వెళ్ళాను.