బొగ్గుగాలి బేరం

ఊరి సభలో, అడవి కాపలా చూసే మ్వాదిమే చెప్పిన మాట ఊరంతా విన్నది. అతని వదిన మకవాసి మాత్రం చెవులు రిక్కించి విన్నది.

"విమానాల పొగతో లోకం పాడైపోతోందట. అందుకని విమానమెక్కేవాళ్లు మన కొండ మీది కార్బన్, అదే బొగ్గుగాలి, కొంటారు" అన్నాడతను. బొగ్గులు కాల్చి బతికే మనిషికి ఆ మాట ఎలా వినబడుతుంది? దగ్గుతూ ఇన్నేళ్లూ ఊరికే వదిలేసిన పొగకి గిరాకీ వచ్చిందనుకుంది. అందరికంటే ముందు చెయ్యెత్తింది.

ఆమె కూతురు వాకేషోకి నెలలు నిండాయి. మొదటి కాన్పులో బిడ్డ అడ్డం తిరిగి పోయింది. ఈసారి ఎలాగైనా వోయి పట్నంలో ఆసుపత్రికి చేర్చాలని మకవాసి పట్టుదల. బండి కిరాయికి బొగ్గులు తప్ప దారి లేదు. అందుకే ఎన్నడూ లేనంత పెద్ద బట్టీ పేర్చి, ఆ కొనే అతిథులు కొండ చూడ్డానికి వచ్చే రోజునే నిప్పు పెట్టింది.

"కొనేవాళ్లొస్తున్నారు, సరుకు కనబడొద్దూ?" అంది కూతురితో.

పొగ చూసి మ్వాదిమే కాపలావాళ్లతో ఉరుక్కుంటూ వచ్చాడు. "మతి పోయిందా వదినా? వాళ్ల ముందు నా పరువు తీస్తావా?"

"కొంటారని నువ్వేగా అన్నావు."

"నువ్వు కాల్చకుండా ఉంటే కొంటారు తల్లీ. అదీ బేరం."

"మరి వాళ్ల విమానం పొగో?"

"దానికి డబ్బు కట్టేశారుగా."

ఈలోగా కాపలావాళ్లు ఆర్పుతామని పారలతో బట్టీ మీద కప్పిన మట్టిని తవ్విపోశారు. వీళ్ల తెలివి తగలెయ్య, గాలి చొరబడితే బట్టీలో బొగ్గు మిగులుతుందా? భగ్గున మండి అంతా బూడిదైంది.

మధ్యాహ్నానికి వాకేషోకి నొప్పులు మొదలయ్యాయి. మకవాసి పరుగున పోయి, అతిథులతో బయల్దేరుతున్న మ్వాదిమే జీపు తలుపు పట్టుకుంది.

"ఒరే, నీ అన్న కూతురురా. వోయి దాకా ఎక్కించుకో."

మ్వాదిమే లోపల కూర్చున్న అతిథుల వైపు చూసి, తల దించుకున్నాడు. "వీళ్లకి విమానం టైమైపోతోంది వదినా. దింపేసి వచ్చేస్తా."

అద్దంలోంచి ఒకావిడ నవ్వుతూ చెయ్యూపింది. పాపం, ఆవిడకేం తెలుసు.

మ్వాదిమే మాట తప్పలేదు. చీకటి పడకుండానే జీపు గుమ్మం ముందు ఆగింది. అప్పటికే వాకేషోకి ముఖం దాకా దుప్పటి కప్పి ఉంది.

మకవాసి గడప మీంచి లేవలేదు.

"ఊపిరి వదలడం కూడా మానేసిందిరా" అంది. "దీనికేమిస్తారో అడిగిరా."