మారెక్క మిస్డ్ కాల్స్

ఓబిలేష్ అన్న ఉద్యోగం పోవడానికి నేను చేసిందల్లా ఒక గడిలో మూడు మాటలు టైపు చేయడం. "తెలియదు. వాడుకలో లేదు."

అనంతపురంలో, ఎరువుల దుకాణం పైన రెండో అంతస్తులో మా ఆఫీసు. వాన పడినప్పుడు రైతుల ఫోన్లకు "వేరుశనగ విత్తుకోవచ్చు" అనో "ఆగండి" అనో మెసేజ్ పంపే సాఫ్ట్‌వేర్ మాది. తొమ్మిదేళ్ల కిందట దాన్ని మొదలుపెట్టింది ఓబిలేష్ అన్న. నేను చేరి నాలుగేళ్లు.

ఏప్రిల్‌లో బెంగళూరు కంపెనీ ఒకటి మమ్మల్ని కొంటామంది. కొనేముందు కోడ్ ఆరోగ్యం ఎలా ఉందో చూడాలంది. చూసేది మనుషులు కాదు, ఏఐ ఏజెంట్లు. ఒకటి భద్రత చూస్తుంది. ఒకటి ఎవరూ వాడని పాత కోడ్ వెతుకుతుంది. ఇంకొకటి అన్నింటి మాటా విని ఒక్కో భాగానికి వందకు ఇన్ని అని మార్కులు వేస్తుంది. వాటికి అర్థం కానివి అడిగితే చెప్పడానికి ఒక మనిషి కావాలి. మా యజమాని ప్రశాంతి మేడమ్ నన్ను కూర్చోబెట్టింది.

"వాళ్లు నువ్వు, ఓబిలేష్, మీ ఇద్దర్లో ఒకర్నే తీసుకుంటారంట ఉదయ్. రిపోర్టు చూసి చెప్తారంట," అంది. అంటూ నా వైపు చూడలేదు.

ఆ వారం ఓబిలేష్ అన్న చిలమత్తూరులో ఉన్నాడు, చెడిపోయిన వానమాపకాలు బాగుచేస్తూ.

మూడో రోజు ఏజెంటు అడిగింది. 'మారెక్క' అనే భాగంలో ముప్పై ఎనిమిది ఫోన్ నంబర్లు నేరుగా రాసి ఉన్నాయి. వాటిలో ఒక నంబరు నుంచి కాల్ ఒకసారి వస్తే ఆ నంబరు ఉన్న మండలానికి విత్తుకోమని మెసేజ్ వెళుతోంది. రెండుసార్లు వస్తే ఆగిపోతోంది. కారణం ఎక్కడా రాసి లేదు. ఎవరికైనా తెలుసా?

నాకు తెలుసు. మారెక్క యాడికి మండలంలో మేకలు కాసే మనిషి. నేను చేరిన ఏడాది అన్న నన్ను ఆమె దగ్గరికి తీసుకుపోయాడు. ముందురోజు వాన పడింది. ఆమె ములుకర్రతో నేల తవ్వి, మణికట్టు దాకా చెయ్యి పెట్టింది. పైన తడి, వేళ్ల చివర పొడి. లేచి, చీరకు చెయ్యి తుడుచుకుని, చిన్న ఫోన్ తీసి మాకు రెండు మిస్డ్ కాల్స్ ఇచ్చింది. చెయ్యంతా తడిసి ఉంటే ఒకటే ఇచ్చేది. ఆమెకు చెవులు వినపడవు. ఫోన్ చేయగలదు, ఎత్తలేదు.

"మిషన్‌కు వాన తెలుస్తాదప్పా. పదును తెల్దు," అన్నాడు అన్న. పదునంటే విత్తనం మొలిచేంత లోతు తడి. మా వైపు ఇరవై మిల్లీమీటర్లు పడినా ఆషాఢం గాలికి ఒక్క పూటలో నేల ఆరిపోతుంది. అలాంటివాళ్లను మండలానికొకరిని వెతికి పెట్టుకున్నాడు. ఇదంతా కోడ్ పక్కన రాయలేదేమని అడిగితే నవ్వాడు. "రాసేదేముందప్పా, ఇది ఎవరికి తెల్దు?"

ఉద్యోగం కోసమే అబద్ధం చెప్పానంటే నాకు సులువుగా ఉంటుంది. అంతకు రెండేళ్ల ముందు గోరంట్ల రైతులు నాలుగు వేల మందికి వాన వచ్చే రోజే మందు కొట్టమని మెసేజ్ పంపాను. తప్పు నాది. "నేనే చూసుకోలేదు మేడమ్," అని అన్న నిలబడి తిట్లు తిన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నాకు గానీ, ఎవరికి గానీ. ఎత్తుతాడని ప్రతిరోజూ ఎదురుచూశాను. టీ గ్లాసు అందిస్తున్నప్పుడు, నా కోడ్‌లో తప్పు చూపిస్తున్నప్పుడు, ఇప్పుడంటాడు అనుకునేవాణ్ణి. అనలేదు. అని ఉంటే క్షమించేవాణ్ణి.

మూడు మాటలూ టైపు చేశాను.

"తొలగించమని సూచిస్తాను," అని ఏజెంటు రాసింది. "అయితే దీన్ని రాసిన వ్యక్తిని ఒకసారి అడగడం మంచిది. అడిగారా?"

అన్న గురించి ఆ ఆఫీసులో అంతమాత్రం ఆలోచించింది అదొక్కటే. 'అడిగాం' అనే గడి నొక్కాను.

రిపోర్టు వచ్చిన రోజు ప్రశాంతి మేడమ్ పైకి చదివింది. "మారెక్క, వందకు ముప్పై ఒకటి. ఎవరప్పా ఈ మారెక్క? ఓబిలేష్ పాత లవ్వరా?"

"ఒక లవ్వర్ కాదు మేడమ్, ముప్పై ఎనిమిది మంది. నంబర్లతో సహా పెట్టుకున్యాడు," అంది నా పక్క బల్ల మీద పనిచేసే లహరి.

అందరూ నవ్వారు. అందరికంటే కొంచెం ఎక్కువసేపు నేను నవ్వాను.

అన్నకు రిపోర్టు చూపించలేదు, తనను తీసుకోవడం లేదని మాత్రం చెప్పారు. వెళ్లేరోజు ఆయన నా బల్ల దగ్గరికి వచ్చాడు. మారెక్క వాళ్ల కాల్స్ వచ్చే పాత ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"మార్కులు ఎన్నన్నా రానీలే. మారెక్కను తీసేయలేదు గదా?"

"లేదన్నా. ఉండాది."

"మంచి పని చేసినావు. నువ్వుండావు గాబట్టి నాకు దిగుల్లేదు. ఛార్జింగు మాత్రం మర్చిపోవద్దప్పా." నా భుజం తట్టి వెళ్లిపోయాడు.

ఆ ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపే వైరు అంతకు ముందురోజే పీకేశాను. ఫోన్ డ్రాయర్లో పడేశాను. ఛార్జింగ్ మాత్రం ప్రతిరోజూ పెట్టాను. ఎందుకో నాకు తెలియదు.

జూలైలో యాడికిలో ఇరవై రెండు మిల్లీమీటర్లు పడింది. కొత్త లెక్క ప్రకారం మధ్యాహ్నం పన్నెండుకు మెసేజ్ దానంతటదే వెళుతుంది. పదకొండుకు డ్రాయర్లో ఫోన్ మోగింది, మారెక్క నంబరు. ఆగింది. మళ్లీ మోగింది. ఆగింది.

రెండు.

మెసేజ్‌ను ఆపే బొత్తాం నొక్కాను. "కారణం రాయండి," అని గడి తెరుచుకుంది. మారెక్క చెప్పిందని రాయాలి. వాడుకలో లేదన్నది నువ్వే కదా, అని అడుగుతారు. లేచి నీళ్లు తాగాను. వచ్చి కూర్చున్నాను. గడి ఖాళీగానే ఉంది. నా వేళ్లను ఎవరివో వేళ్లను చూసినట్టు చూశాను. అవి కదల్లేదు. గడి మూసేశాను. పన్నెండుకు పంతొమ్మిది వందల మందికి మెసేజ్ వెళ్లింది.

పన్నెండున్నరకు నా ఫోన్ మోగింది. ఓబిలేష్ అన్న. బెంగళూరులో ఏదో గోడౌన్‌లో పనికి కుదిరాడని విన్నాను.

"ఏమప్పా ఉదయ్, బాగుండావా? మా తమ్ముడు జయరాం యాడికి నుంచి ఫోన్ చేసినాడు. మెసేజ్ వచ్చినాదంట, ట్రాక్టరు చేని కాడ నిలబడిందంట. ఇత్తేదా వద్దా అంటాండాడు. పోయిన రెండేండ్లూ ఇత్తనం మన్నులోనే మాడిపోయింది. ఈసారి పోతే ఇంట్లో ఇంగ గింజ లేదప్పా. మారెక్క కాల్ కొట్టింది గదా?"

"కొట్టిందన్నా."

"ఎన్ని?"

డ్రాయరు వైపు చూశాను.

"ఒకటే."

ఆయన నవ్వడం వినిపించింది. "అయితే ఇత్తమంటా. జయరాం చెయ్యి పెట్టి చూస్తానంటాండాడు. వద్దులేరా, ఆయమ్మ పెట్టింటాది అని చెప్తా."

ఫోన్ పెట్టేశాక భయం వేస్తుందనుకున్నాను. వేయలేదు. రెండేళ్లుగా లోపల బిగిసి ఉన్నదేదో కొంచెం వదులైంది. ఇన్నాళ్లూ తెలిసీ మాట్లాడనివాడు ఆయన, ఇప్పుడు నేను.

ఒంటిగంటకు డ్రాయర్లో ఫోన్ మళ్లీ మోగడం మొదలుపెట్టింది. చేలల్లోకి ట్రాక్టర్లు దిగడం మారెక్కకు కనిపిస్తుండాలి. రెండు మోగి ఆగింది. మళ్లీ రెండు. మళ్లీ రెండు.

"ఏందన్నా అది? ఎత్తొచ్చు గదా," అంది లహరి పక్క బల్ల నుంచి.

"రాంగ్ నంబర్."

ఒకటికీ రెండుకీ అర్థం ఏమిటో అన్న నాకు చెప్పాడు. పొద్దుటి రెండుతో కలిపి ఎనిమిదికి చెప్పలేదు. ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టాను. ఛార్జి తక్కువగా ఉంటే వైరు గుచ్చి, డ్రాయరు మూసేశాను.